వచ్చినవారికి చోటు, కొద్దిమందికి మాట



ఈ వారం ధ్యానానికి అపొస్తలుల కార్యములు 6:1–7 తీసుకున్నాం. యెరూషలేము సంఘంలో శిష్యుల సంఖ్య పెరుగుతున్న రోజులవి. అప్పుడే ఒక సణుగుడు పుట్టింది. రోజూ జరిగే భోజనపు పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్నది ఆ సణుగుడు. హెబ్రీ భాషవారి విధవరాండ్రకు మాత్రం సరిగానే అందుతోంది. ఇద్దరూ యూదులే, ఇద్దరూ విశ్వాసులే. తేడా అంతా మాటలోనూ, పుట్టి పెరిగిన ఊరిలోనూ ఉంది. అపొస్తలులు ఆ సణుగుడును గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. సంఘం ఏర్పరచుకున్న ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి పక్షాన అన్యాయం జరిగిందో వారి చేతికే పంపకం అప్పగించారన్నమాట.

పరిచారకుల నియామకం గురించి మాట్లాడేటప్పుడు ఈ వాక్యం మనం చాలాసార్లు విన్నాం. కానీ ఇందులో మరో రెండు ప్రశ్నలున్నాయి. బయటినుంచి వచ్చినవారికి చోటు ఇస్తామా అన్నది మొదటిది. చోటిచ్చాక, మనలో తక్కువమందిగా ఉన్నవారి మాట చెల్లనిస్తామా అన్నది రెండోది. మొదటి పరీక్షలో నెగ్గినవారు కూడా రెండోదాని దగ్గర తడబడతారు. ఈ రెండు పరీక్షలూ పదేళ్ళలో ఒకేచోట ఎదురైన ప్రాంతం ఒకటుంది. దాని చరిత్ర ఈ రోజు చూద్దాం.

మనకు తెలిసిన నేల

జర్మనీ ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దున ఉన్న రాష్ట్రం పేరు ష్లెస్విగ్-హోల్‌స్టైన్. పేరు కొత్తగా అనిపించవచ్చు కానీ ఆ నేలతో మనకు చుట్టరికం ఉంది. ఆ సరిహద్దు ప్రాంతంలోనే బ్రెక్లుం అనే చిన్న పల్లె ఉంది. ఆ ఊరి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో అక్కడ ఒక మిషన్ స్థాపించారు. 1882లో ఆ పల్లెనుంచి మొదటి మిషనరీలు మన దేశానికి వచ్చారు. కోరాపుట్, జయపురం కొండప్రాంతాల్లోనూ, ఇటు మన సాలూరు, పార్వతీపురం వైపునా వారు పరిచర్య చేశారు. జయపూర్ ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ పరిచర్య ఫలమే. మన పెద్దలకు సువార్త చెప్పినవారి మనవలూ మునిమనవలూ 1945లో ఎలాంటి పరీక్ష ఎదుర్కొన్నారో తెలుసుకోవడం మనకు తగినదే.

ఆ సరిహద్దు ఎప్పుడూ నెమ్మదిగా లేదు. 1864 యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయి ఆ నేలను పోగొట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత, 1920లో, ప్రజలనే అడిగి ఓటు పెట్టారు. ఉత్తర భాగం డెన్మార్క్‌తో వెళ్ళింది. ఫ్లెన్స్‌బుర్గ్ ఉన్న దక్షిణ భాగం జర్మనీతో ఉండిపోయింది. గీత ఎంత న్యాయంగా గీసినా మనుషులు గీత ప్రకారం పుట్టరు కదా. అటు డెన్మార్క్‌లో కొందరు జర్మన్లు మిగిలారు, ఇటు జర్మనీలో కొందరు డేనులు మిగిలారు. పశ్చిమ తీరంలో ఫ్రీసియన్ భాష మాట్లాడేవారు కూడా ఉన్నారు.

మంచుమీద నడిచి వచ్చినవారు

1945 జనవరిలో సోవియట్ సైన్యం తూర్పు ప్రష్యాలోకి వచ్చింది. అక్కడి జర్మన్ ప్రజలు బండ్లమీద మూటలు కట్టుకుని పడమటికి బయలుదేరారు. గడ్డకట్టిన ఉప్పుకయ్య మీదుగా, మంచు ఎక్కడ విరుగుతుందో తెలియకుండా నడిచారు. ఓడలెక్కినవారికీ రక్షణ లేదు. జనవరి 30న విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడ టార్పెడోల దెబ్బకు బాల్టిక్ సముద్రంలో మునిగి వేలమంది చనిపోయారు. ఆ తరువాత పోలండ్, చెకోస్లొవేకియా, హంగేరీల నుంచి జర్మన్లను పంపించివేయడానికి పోట్స్‌డామ్ సమావేశం 1945 ఆగస్టులో ఒప్పుకుంది. క్రమంగా, మానవత్వంతో పంపించాలని కాగితంమీద రాశారు. దారిలో జరిగింది చాలాచోట్ల అలా లేదు. మొత్తంమీద సుమారు 1.2 కోట్లమంది ఇల్లూ ఊరూ విడిచి అప్పటి జర్మనీ భాగాలకు చేరారు. దారిలో చనిపోయినవారు లక్షల్లో ఉన్నారు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఈ యుద్ధం మొదలుపెట్టింది జర్మనీయే. పోలండును ధ్వంసం చేసింది, యూదులను లక్షలాదిగా చంపింది జర్మన్ ప్రభుత్వమే. ఊళ్ళు ఖాళీ చేయించడం, జనాన్ని తరిమివేయడం ముందుగా వారే పోలండులో చేశారు. ఈ కష్టాన్ని ఆ కష్టంతో తూచి సమానం చేయడం మన పని కాదు. అయినా మంచుమీద నడిచిన ముసలమ్మకూ, చంకలోని పసిబిడ్డకూ చలి ఒక్కటే. దేవుడు హాగరు కుమారుని మొర విన్నప్పుడు ఆ పిల్లవాడు ఎవరి పక్షంవాడని అడగలేదు.

చిన్న రాష్ట్రం, పెద్ద భారం

బాల్టిక్ ఓడలు చేరిన తీరాల్లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఒకటి. 1939లో అక్కడి జనాభా సుమారు 16 లక్షలు. 1949 నాటికి సుమారు 27 లక్షలు. పెరిగినవారిలో అత్యధికులు శరణార్థులే. స్థానికుల లెక్కతో పోలిస్తే పశ్చిమ జర్మనీలో మరే రాష్ట్రంమీదా ఇంత భారం పడలేదు. మన ఊరికి రాత్రికి రాత్రి ఇంకో సగం ఊరు వచ్చి దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా ఓడిపోయిన దేశం, తిండి రేషను మీద, పట్టణాలు బాంబులకు కూలి ఉన్న రోజులు.

ఇళ్ళలో గదులు లెక్కపెట్టి, ఒక గది ఇంటివారికి, ఒక గది వచ్చినవారికి అని అధికారులు కేటాయించారు. ఒకే వంటగది, ఒకే పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరి కుండ ముందు, ఎవరి కట్టెలు ఎవరు వాడారు అన్న తగవులు ఎలా ఉంటాయో మన ఊళ్ళలో ఉమ్మడి వాకిళ్ళు చూసినవారికి చెప్పనక్కర్లేదు. వచ్చినవారు కూడా జర్మన్లే, చాలామంది లూథరన్లే, అవే కీర్తనలు పాడేవారే. అయినా వారి యాస వేరు, తిండి వేరు. వెక్కిరించడానికి వారిని పోలండువాళ్ళని పిలిచేవారు. మన మతం, మన భాష అయితే చాలు ఇట్టే కలిసిపోతారన్నది నిజం కాదని ఇక్కడ తెలుస్తోంది. చాలామంది రేకుల షెడ్లలో, శిబిరాల్లో 1950ల దాకా ఉండిపోయారు.

సరిహద్దుకు అవతల కూడా ఒక కథ నడిచింది. యుద్ధం చివరి నెలల్లో సుమారు 2.5 లక్షల జర్మన్ శరణార్థులు డెన్మార్క్‌లో దిగారు. 1940 ఏప్రిల్ నుంచి జర్మనీ ఆక్రమణలో నలిగిన దేశమది. విడుదల వచ్చాక వారిని ముళ్ళకంచె లోపల శిబిరాల్లో ఉంచారు. ఓక్స్‌బోల్ అనే చోట ఉన్న శిబిరంలో ఒక దశలో 35 వేలమంది దాకా ఉన్నారు. తిండి పెట్టారు, బడి పెట్టారు. కానీ 1945లోనే ఆ దేశంలో శరణార్థుల పసిపిల్లలు వేలల్లో రోగాలకూ బలహీనతకూ చనిపోయారు. వైద్యులు చేయగలిగినంత చేశారా అన్న ప్రశ్నను తరువాత డెన్మార్క్‌వారే లేవనెత్తి, తమలో తాము వాదించుకున్నారు. చివరి శరణార్థి 1949 ఫిబ్రవరిలో ఆ దేశం విడిచాడు. ఓక్స్‌బోల్‌లో 2022లో శరణార్థుల మ్యూజియం తెరిచారు. శత్రువు బిడ్డల సమాధుల సంగతి మరచిపోకుండా చెప్పుకోవడం తేలిక కాదు.

పంచుకోవడం చట్టమైనప్పుడు

దయ మొదటి రోజుకు సరిపోతుంది. వెయ్యో రోజుకు ఒక ఏర్పాటు కావాలి. యెరూషలేము సంఘం ఏడుగురిని నియమించింది ఇందుకే. పశ్చిమ జర్మనీ 1952లో ‘భారాల సమీకరణ చట్టం’ చేసింది. దాని పద్ధతి చెప్పుకోదగినది. 1948 జూన్ 21 నాటికి ఎవరికి ఎంత ఆస్తి మిగిలిందో లెక్కకట్టారు. యుద్ధంలో ఇల్లు, పొలం, కర్మాగారం నిలబడినవారు ఆ విలువలో సగం వాయిదాల్లో, 30 ఏళ్ళపాటు, ఒక నిధికి కట్టాలి. సర్వం పోగొట్టుకున్నవారికి ఆ నిధినుంచి పరిహారం, ఇల్లు కట్టుకోవడానికి అప్పు, వృద్ధులకు భృతి. తరువాతి ఏళ్ళలో దేశం బాగుపడి జీతాలు పెరగడంతో ఆ వాయిదాల బరువు తగ్గింది నిజమే. అయినా ‘నా ఇల్లు నిలవడం నా గొప్ప కాదు, నీ ఇల్లు పోవడం ఒక్క నీ తప్పు కాదు’ అని ఒక దేశం చట్టంలో రాసుకుంది. 1953లో శరణార్థుల హక్కులకు మరో చట్టం చేశారు.

ఇది చదివినప్పుడు మనకు యెహెజ్కేలు 47:22–23 గుర్తొస్తుంది. భూమి పంచేటప్పుడు, మీ మధ్య నివసించి పిల్లలను కన్న పరదేశులకు కూడా గోత్రాలతోపాటు స్వాస్థ్యం ఇవ్వాలని దేవుడు ప్రవక్తతో చెప్పాడు. భిక్ష వేరు, స్వాస్థ్యం వేరు. భిక్ష తీసుకున్నవాడు గుమ్మం బయటే ఉంటాడు. స్వాస్థ్యం పొందినవాడు ఇంటివాడవుతాడు.

సంఘాలు కూడా ఊరుకోలేదు. ఎస్పెల్‌కాంప్ అనే చోట యుద్ధకాలపు మందుగుండు గిడ్డంగులుండేవి. వాటిని కూల్చివేయబోతుంటే, స్వీడన్ పాస్టరు బిర్గెర్ ఫోరెల్ అడ్డుపడ్డారు. 1949 నుంచి ప్రొటెస్టంట్ సంఘమూ అక్కడి రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి ఆ గిడ్డంగులను శరణార్థుల పట్టణంగా మార్చాయి. యెషయా 2:4లో ఖడ్గాలు నాగటి నక్కులవడం చదువుతాం. ఇక్కడ గుండ్ల గిడ్డంగులు పడకగదులయ్యాయి. బెల్జియంలో వేరెన్‌ఫ్రీడ్ అనే కథోలిక గురువు పల్లెటూరి రైతు స్త్రీల దగ్గరికి వెళ్ళి, నిన్నటి శత్రువులైన జర్మన్ శరణార్థుల కోసం ఉప్పు పట్టించిన పందిమాంసం అడిగారు. జర్మన్ సైన్యం తొక్కిన ఊళ్ళలోని ఆ తల్లులు తమ వంటింటినుంచి తీసి ఇచ్చారు. రోమా 12:20 వారి చేతుల్లో నెరవేరింది.

చోటు దొరికినవారు చోటు తగ్గించిన సంగతి

ఇక రెండో పరీక్ష. మన ధ్యానానికి అసలు విషయం ఇదే.

యుద్ధం ముగియగానే జర్మనీ వైపున్న డేనుల ఉద్యమం ఒక్కసారిగా పెరిగింది. అంతవరకు జర్మన్లమనుకున్నవారు కూడా వేలల్లో తాము డేనులమన్నారు. డెన్మార్క్ నుంచి ఆహారపు పొట్లాలు వస్తుండటంతో, ఎదుటివారు వీరిని ‘పందిమాంసపు డేనులు’ అని ఎగతాళి చేశారు. ఆ ఉద్యమ నాయకులు సరిహద్దు మార్చాలన్నారు, శరణార్థులను తమ ప్రాంతంనుంచి తీసుకుపోవాలన్నారు. లక్షలమంది కొత్తవారి ఓట్లలో తాము మునిగిపోతామన్న భయం వారిది. భయం అర్థమవుతుంది. కానీ ఎక్కడికి పోవాలో తెలియని మనుషులనే బయటికి పంపమన్నారు. డెన్మార్క్ ప్రభుత్వం మాత్రం 1946 అక్టోబరులో, సరిహద్దు మార్పు మేం కోరడం లేదని బ్రిటన్‌కు తెలియజేసింది.

1949 సెప్టెంబరు 26న కీల్ నగరంలో రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఒక మనిషి తాను డేనునని చెప్పుకోవడం అతని స్వేచ్ఛ, ఏ అధికారీ దాన్ని కాదనకూడదు, పరీక్షించకూడదు అన్నది దాని సారం. నీ తాత ఎవరు, నీ ఇంటిపేరు ఏమిటి, ఇంట్లో ఏ భాష మాట్లాడతావు అని ఎవరూ నిలదీయకూడదు. ఆ రోజుల ఐరోపాలో, మనుషుల వంశాన్ని కాగితాల్లో వెదికి చంపిన నాలుగేళ్ళకే, ఆ మాట రాసుకున్నారు.

1950 జనవరిలో శరణార్థులు అదే కీల్‌లో సొంత పార్టీ పెట్టుకున్నారు. ఆ జూలైలో రాష్ట్ర ఎన్నికల్లో వారికి 23 శాతం పైగా ఓట్లు వచ్చాయి. వారు ప్రభుత్వంలో చేరారు. తిరస్కరించబడినవారికి మాట దొరికింది, సంతోషమే. అయితే ఆ ప్రభుత్వమే డేనుల బడులకు ఇచ్చే సొమ్ము తగ్గించింది. శాసనసభలో సీటు రావాలంటే ఉండాల్సిన ఓట్ల వాటాను 5 శాతం నుంచి 7.5 శాతానికి పెంచింది. దాని దెబ్బ డేనుల పార్టీమీద పడింది. 1952 ఏప్రిల్‌లో దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ పెంపు చెల్లదని కొట్టివేసింది. అయినా 5 శాతం గోడ మిగిలింది. 1954 ఎన్నికల్లో డేనుల పార్టీకి సుమారు 42 వేల ఓట్లు వచ్చినా ఒక్క సీటూ రాలేదు. అదే సమయంలో అవతలివైపు, 1953లో, 10 వేలలోపు ఓట్లతోనే జర్మన్ అల్పసంఖ్యాకుల ప్రతినిధి డెన్మార్క్ పార్లమెంటులో కూర్చున్నాడు.

చూశారా? నిన్న డేనుల నాయకులు శరణార్థులను పంపించివేయమన్నారు. నేడు శరణార్థులు భాగమైన ప్రభుత్వం డేనుల నోరు నొక్కింది. బాధపడినవాడు తనంతట తానే దయగలవాడు కాడు. అందుకే లేవీయకాండము 19:34లో దేవుడు పరదేశిని నీవలె ప్రేమించుమని చెప్పి, మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరని గుర్తుచేయాల్సి వచ్చింది. ఐగుప్తులో దెబ్బలు తిన్న జనానికే ఆ ఆజ్ఞ కావలసి వచ్చింది. బాధ జ్ఞాపకంగా మారితే దయ పుడుతుంది. బాధ లెక్కగా మారితే, నాకు జరిగింది కాబట్టి నాదే ముందు అనే పట్టుదల పుడుతుంది.

1955 మార్చి 29

పశ్చిమ జర్మనీని నాటో కూటమిలో చేర్చుకునే మాట వచ్చినప్పుడు, డెన్మార్క్ విదేశాంగ మంత్రి హెచ్. సి. హన్సెన్ ఈ డేనుల సంగతి ఎత్తారు. రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి. 1955 మార్చి 29న బాన్, కోపెన్‌హాగన్ ప్రకటనలు వెలువడ్డాయి. ఆశ్చర్యమేమంటే ఇది ఒప్పందం కాదు. నువ్వు చేస్తేనే నేను చేస్తాను అన్న షరతు లేకుండా, ప్రతి దేశమూ తన నేలమీది అల్పసంఖ్యాకులకు తానే మాటిచ్చింది. ఎవరు ఏ జాతివారమని చెప్పుకున్నా అధికారులు నిలదీయరు. సొంత బడులు, సొంత భాష, సమాన హక్కులు ఉంటాయి. డేనుల పార్టీకి 5 శాతం నియమంనుంచి మినహాయింపు ఇచ్చారు. డెన్మార్క్‌లోని జర్మన్ బడులకు తిరిగి పరీక్షలు జరిపే హక్కు వచ్చింది.

అవతలి జర్మన్ అల్పసంఖ్యాకుల పక్షాన కూడా ఒక మంచి అడుగు ముందే పడింది. వారిలో చాలామంది నాజీలవైపు నిలబడ్డారు. యుద్ధం తరువాత శిక్షలు పడ్డాయి, బడులు మూతపడ్డాయి. 1945 నవంబరులో వారు కొత్త సంస్థ పెట్టుకుని, 1920 సరిహద్దును ఒప్పుకుంటున్నామని, డెన్మార్క్ రాజుకూ దేశానికీ విధేయులమని చెప్పారు. ఆ మాటలేకుండా తరువాతి పదేళ్ళ సయోధ్య కుదిరేది కాదు.

నేడు సరిహద్దుకు ఇటు సుమారు 50 వేలమంది డేనులు, అటు సుమారు 15 వేలమంది జర్మన్లు ఉన్నారు. 2012లో డేనుల పార్టీ ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రభుత్వంలో చేరింది. 2021లో జర్మనీ పార్లమెంటులో వారికి ఒక సీటు దొరికింది. ఇక ఒకనాటి శరణార్థుల పార్టీ క్రమంగా కరిగిపోయింది. వారి పిల్లలు స్థానికుల పిల్లలను పెళ్ళాడారు, ఇళ్ళు కట్టుకున్నారు. ప్రత్యేకమైన పార్టీ అవసరం తీరిపోయింది. ఒక గుంపు కలిసిపోయి నెమ్మది పొందింది, మరో గుంపు కలిసిపోకుండా విడిగా నిలిచి నెమ్మది పొందింది. ప్రేమకు ఈ రెండు దారులూ తెలిసి ఉండాలి.

మన మాట

మన దేశంలో మనం అల్పసంఖ్యాకులం. మన రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు మన బడులకూ, మన సంస్కృతికీ రక్షణగా ఉన్నాయి. ఆ హక్కు కావాలని అడగడంలో తప్పు లేదు. గ్రీకు విధవరాండ్ర పక్షాన సణిగినవారిని కూడా దేవుని వాక్యం తప్పుపట్టలేదు. అయితే అదే నోటితో మనల్ని మనం ఒక ప్రశ్న అడుక్కోవాలి. మన సంఘంలో మనకంటే తక్కువమంది ఎవరు? సవర, కువి మాట్లాడే విశ్వాసులు కొండదిగి ఆరాధనకు వస్తే వారి భాషలో ఒక కీర్తన పాడనిస్తామా? ఇటుక బట్టీల పనికి ఒడిశానుంచి వచ్చిన కుటుంబాలకు వెనుక వరుసలో చోటిచ్చి సరిపెడతామా, లేక కమిటీలో వారి మాట కూడా వింటామా? క్రిస్మస్‌కు చీర ఇవ్వడం భిక్ష. పంపకం వారి చేతికి అప్పగించడం అపొస్తలుల కార్యములు 6.

ఆ అధ్యాయం ఏడో వచనం ఎలా ముగుస్తుందో గమనించండి. పంపకం సరిచేసిన తరువాతే దేవుని వాక్యం వ్యాపించింది, శిష్యుల సంఖ్య విస్తరించింది, యాజకుల్లో కూడా అనేకులు విశ్వాసానికి లోబడ్డారు. బల్ల దగ్గర న్యాయం జరిగినప్పుడు పీఠం దగ్గర మాటకు బలం వచ్చింది. మనం సువార్త ఎందుకు ముందుకు పోవడం లేదని ప్రార్థిస్తూ ఉంటాం. మన పంపకం సంగతి కూడా ఈ వారం ప్రార్థనలో పెట్టుకుందాం.

ప్రేమగల తండ్రీ, మేమూ ఒకప్పుడు దూరస్థులమని మరువనియ్యకు. వచ్చినవారికి చోటు, కొద్దిమందికి మాట ఇచ్చే మనసు మా సంఘాలకు దయచేయుము. పొయ్యి పంచుకునే ఓర్పు, పొలం పంచుకునే న్యాయం మాకు నేర్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.